టోనీ అవార్డులయ్యాక ఏ షో మూతపడుతుందో ముందే తెలుస్తుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: జూలై రెండో వారంలో అమ్మానాన్నలు ఇండియా నుంచి వస్తున్నారు. వాళ్ళని న్యూయార్క్ బ్రాడ్‌వే థియేటర్లలో ఒక కొత్త మ్యూజికల్‌కి, అంటే పాటల నాటకానికి, తీసుకెళ్ళాలని మీ కోరిక. మీ మనసులో ఉన్న మూడు షోలూ అంతంతమాత్రంగానే ఆడుతున్నాయని విన్నారు. జూన్‌లో బ్రాడ్‌వే షోలకి ఇచ్చే టోనీ అవార్డులు అయిపోయాక వాటిలో ఏది మిగులుతుందో ముందే పసిగట్టే దారి ఉందా అని అడిగారు.

ఉంది. నూటికి నూరుపాళ్ళు కాదు గానీ, చాలావరకు పసిగట్టవచ్చు. అయితే అందరూ చూసే చోట, అంటే బహుమతుల జాబితాలో, చూస్తే కనపడదు. నేను కూడా చాలాకాలం అక్కడే చూశాను.

దానికి కారణం మా నాన్నగారు. గుంటూరు జిల్లాలో ఆయన పరిషత్తు నాటకాలు ఆడేవారు. పరిషత్తు నాటకానికి బహుమతే ప్రాణం. ఒక ఊళ్ళో ఉత్తమ ప్రదర్శన వస్తే ఇంకో ఊరి పరిషత్తు నుంచి పిలుపు వచ్చేది, సెట్టింగు మళ్ళీ లారీ ఎక్కేది. బహుమతి రాకపోతే ఆ నాటకం అక్కడితో సరి. ఆ లెక్క బుర్రలో పెట్టుకుని అమెరికా వచ్చాను. 2004 ఆగస్టులో నేను చూసిన మొదటి బ్రాడ్‌వే షో 'బాంబే డ్రీమ్స్'. రెహమాన్ సంగీతం కదా, న్యూజెర్సీ నుంచి మన వాళ్ళం ఆరుగురం కలిసి వెళ్ళాం. టైమ్స్ స్క్వేర్‌లో ఇప్పుడున్న ఎర్రమెట్లు అప్పటికి లేవు, టీకేటీఎస్ బూత్ దగ్గర క్యూలో నిలబడి సగం ధరకి టికెట్లు కొన్నాం. స్టేజి మీద ఫౌంటెన్లు ఎగసిపడుతుంటే తడిసిపోతూ వాళ్ళు డాన్స్ చేశారు. నా పక్క వరుసలో మాత్రం వరుసగా ఏడు కుర్చీలు ఖాళీ. అంత పెద్ద థియేటర్‌లో ఆ ఖాళీ కొట్టొచ్చినట్టు కనపడుతుంది. ఆ షోకి మూడు నామినేషన్లు వచ్చి ఒక్క టోనీ కూడా రాలేదు. 2005 జనవరి 1న 284వ ప్రదర్శనతో మూసేశారు. బహుమతి రాలేదు కాబట్టి మూసేశారని అనుకుని ఊరుకున్నాను.

కానీ అదే 2004 సంగతి పూర్తిగా చూడండి. ఉత్తమ మ్యూజికల్ పోటీలో నాలుగు షోలున్నాయి. 'ఎవెన్యూ క్యూ' గెలిచింది. ఓడిపోయిన వాటిలో ఒకటి 'వికెడ్'. అది ఇవాళ్టికీ గెర్ష్‌విన్ థియేటర్‌లో ఆడుతూనే ఉంది. 'ది బాయ్ ఫ్రమ్ ఆజ్'లో హ్యూ జాక్‌మన్‌కి ఉత్తమ నటుడి అవార్డు వచ్చింది, సెప్టెంబరులో ఆయన ఒప్పందం ముగియగానే షో కూడా ముగిసింది. 'కారొలైన్, ఆర్ చేంజ్'లో ఆనికా నోనీ రోజ్‌కి అవార్డు వచ్చినా అది ఆగస్టు చివరికి ఆగిపోయింది. ఓడిన షో ఇరవై ఏళ్ళు దాటి ఆడుతుంటే, నటనకి అవార్డు తెచ్చుకున్న ఈ రెండూ ఎండాకాలం గడిచేసరికి లేవు. దీన్ని చూశాకే నాకు అసలు ప్రశ్న తట్టింది: షోని బతికించేది ఏది?

జవాబు కొన్నేళ్ళ తర్వాత ఉద్యోగంలో దొరికింది. షోల వారపు లెక్కలు చూసే ఒక ఆఫీసులో పనిచేశాను. పేరు చెప్పను, అవసరం కూడా లేదు. సోమవారం ఉదయం, గడిచిన వారంలో ఒక్కో షో ఆడిన ఎనిమిది ఆటల బాక్సాఫీస్ స్టేట్‌మెంట్లు నా టేబుల్ మీదకి వచ్చేవి. వాటి పక్కన ఖర్చుల కాగితం: థియేటర్ అద్దె, స్టేజి కార్మికుల జీతాలు, నటులు, వాద్యకారులు, లైట్ల అద్దె, ప్రకటనలు, రచయితకీ సంగీత దర్శకుడికీ ఇచ్చే రాయల్టీ. వారం ఆడించడానికి అయ్యే ఈ మొత్తాన్ని అక్కడ 'నట్' అంటారు. వసూలు ఈ నట్‌ని దాటితే షో బతుకుతుంది. దాటకపోతే పెట్టుబడిలో మిగిలిన నిల్వ కరిగిపోతూ ఉంటుంది. ఒక షో లెక్కల్లో రాయల్టీ వరుస మే నెలంతా వారం వారం తగ్గుతూ రావడం చూశాను. రాసినవాళ్ళూ డైరెక్టరూ షో నిలబడాలని తమ వాటా వదులుకుంటున్నారన్నమాట. ఆ అంకె చూసిన రోజు మధ్యాహ్నం నాకు అన్నం సహించలేదు. టోనీల తర్వాత రెండో వారంలో ఆ షో మూతపడింది.

ఆ ఖర్చుల కాగితం మీకు ఎవరూ చూపించరు. కానీ వసూళ్ళు మాత్రం అందరికీ కనపడతాయి. ఆదివారంతో ముగిసే ప్రతి వారం లెక్కనీ నిర్మాతలూ థియేటర్ యజమానుల సంఘమైన బ్రాడ్‌వే లీగ్ ఒకటి రెండు రోజుల్లో బయట పెడుతుంది. అందులో 'కెపాసిటీ' శాతం చూసి మోసపోవద్దు, దాదాపు అందరూ జారిపడేది అక్కడే. వెయ్యి సీట్ల థియేటర్ అనుకోండి. ఎనిమిది ఆటలకి ఎనిమిది వేల సీట్లు. 90 శాతం నిండింది, అంటే 7,200 మంది వచ్చారు. బాగుంది కదా అనిపిస్తుంది. సగటు టికెట్ ధర 65 డాలర్లయితే వారం వసూలు 4,68,000 డాలర్లు. నట్ 6 లక్షలుంటే ఆ నిండుగా కనిపిస్తున్న హాలు వారానికి 1,32,000 పోగొట్టుకుంటోంది. డిస్కౌంట్లతో హాలు నింపడం కష్టం కాదు. అందుకే నేను ముందు సగటు టికెట్ ధర చూస్తాను. వరుసగా మూడు నాలుగు వారాలు అది పడిపోతూ, కెపాసిటీ మాత్రం అలాగే ఉంటే, ఆ షో ధర తెగ్గోసి జనాన్ని రప్పిస్తోందని అర్థం.

నట్ ఎంతో తెలియదు గదా అంటారు. ప్లేబిల్, అంటే ఆ షో వివరాలుండే చిన్న పుస్తకం, తీసి మనుషుల్ని లెక్కపెట్టండి. నటులెంతమంది, వాళ్ళకి బదులు దిగే అండర్‌స్టడీలూ స్వింగ్‌లూ ఎంతమంది, వాద్యకారులెంతమంది, అన్నీ అందులో ఉంటాయి. 'మేబీ హ్యాపీ ఎండింగ్' 2024 శరదృతువులో మొదలైనప్పుడు వారానికి 3 లక్షల డాలర్ల చుట్టుపక్కలే వసూలు చేసింది. మామూలుగా అది చావు అంకె. కానీ స్టేజి మీద ఉన్నది నలుగురే నటులు. జనం ఆ నోటా ఈ నోటా చెప్పుకుని రావడానికి కావాల్సిన నెలల వ్యవధి ఆ చిన్న బృందం వల్ల దొరికింది. 2025 జూన్ 8న ఉత్తమ మ్యూజికల్‌తో కలిపి ఆరు టోనీలు గెలిచేనాటికి అది తన కాళ్ళ మీద తను నిలబడి ఉంది, ఆ తర్వాత వారానికి 10 లక్షలు దాటింది. అవార్డు పడిపోతున్న దాన్ని లేపలేదు, నిలబడిన దాన్ని పైకి ఎత్తింది. నేను గమనించినంతలో చాలాసార్లు ఇలాగే జరుగుతుంది.

అదే సంవత్సరం మిగతా వాటి గతి చూడండి. 'స్మాష్' జూన్ 22న మూసేశారు. 'రియల్ విమెన్ హావ్ కర్వ్స్', 'డెడ్ ఔట్‌లా' రెండూ జూన్ 29న. పెద్ద బృందంతో, 2 కోట్ల 60 లక్షల డాలర్ల దాకా పెట్టుబడితో వచ్చిన 'బూప్' జూలై 13న. టోనీల తర్వాత అయిదు వారాల్లో నాలుగు కొత్త మ్యూజికల్స్ పోయాయి.

ఈ వరుస మూతలకి కారణం ఏప్రిల్‌లోనే మొదలవుతుంది. ఓటర్ల మనసులో తాజాగా ఉండాలని చాలా షోలు అర్హత గడువుకి కాస్త ముందు, ఏప్రిల్ చివర్లో తెర తీస్తాయి. ఆ పైన ఆరు వారాలు చేతిలో ఉన్నదంతా ఖర్చు పెట్టి జూన్ దాకా నెట్టుకొస్తాయి. ఓటర్లు వచ్చి చూడాలి, టీవీ ప్రసారంలో ఒక పాట చేయాలి, ఆ పాట పెట్టడానికీ బోలెడు ఖర్చు. ఆ రాత్రి దేశమంతా చూసి మర్నాడు పొద్దున టికెట్లు కొంటారన్నదే ఆశ. అందుకే అవార్డుల తర్వాత మొదటి మూడు రోజుల అడ్వాన్స్ అమ్మకాల్ని బట్టి నిర్మాతలు నిర్ణయం తీసుకుంటారు. నామినేషన్లు రాని షో అయితే చాలాసార్లు జూన్ దాకా కూడా ఆగదు. 'రెడ్‌వుడ్'కి ఒక్క నామినేషనూ రాలేదు, 2025 మే 18నే ముగిసింది.

'డెడ్ ఔట్‌లా' మాత్రం నన్ను ఇంకా బాధపెడుతుంది. చిన్న షో. చిన్న బ్యాండ్, కొద్దిమంది నటులు, 1 కోటి డాలర్ల దాకా పెట్టుబడి. విమర్శకులు మెచ్చుకున్నారు, ఏడు నామినేషన్లు వచ్చాయి, ఒక్క టోనీ రాలేదు. మూసివేత ప్రకటించాక లాంగేకర్ థియేటర్‌కి వెళ్ళాను. నా టికెట్ బాల్కనీలో. గుమ్మం దగ్గర సీట్లు చూపించే అషర్ టికెట్ చూసి, "కిందకి వెళ్ళండి, ముందు చాలా సీట్లున్నాయి" అని మెల్లగా చెప్పింది. ఆవిడ ముఖంలో నాకు సాయం చేసిన సంతోషం లేదు. పై వరుసల్లో వాళ్ళని కిందకి దింపుతున్నారంటే హాలు నిండుగా కనపడాలని నటుల కోసం చేస్తున్న పని అది. ఎదర ఎనిమిదో వరుసలో కూర్చుని చూశాను. చివరి పాట తర్వాత జనం లేచి నిలబడి చాలాసేపు చప్పట్లు కొట్టారు. నా ముందున్న పెద్దాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. చిన్న ఖర్చు ఉన్న షో కూడా పోతుందని, నా సూత్రం అన్నిచోట్లా పనిచేయదని ఆ రోజు తెలిసింది. కథ ఎన్నో ఏళ్ళు ఊరూరా ప్రదర్శనకి పెట్టిన ఒక దోపిడీదొంగ శవం గురించి. ఎండాకాలంలో పిల్లలతో న్యూయార్క్ వచ్చే కుటుంబానికి ఆ సంగతి చెప్పి టికెట్ కొనిపించడం కష్టం. జూన్ చివర్లో స్కూళ్ళు మూసేశాక వచ్చే పర్యాటకులు ముందు 'లయన్ కింగ్', 'అలాద్దీన్', 'వికెడ్' దగ్గరికే వెళ్తారు. ఒక వాక్యంలో చెప్పలేని షోకి అవార్డే ఆ ఒక్క వాక్యం. అది రాకపోతే చెప్పడానికి ఇంకేమీ మిగలదు. ఆ రోజు నుంచి షో గురించి మా అమ్మకి ఫోన్‌లో ఒక్క ముక్కలో చెప్పగలనా అని కూడా చూసుకుంటున్నాను.

థియేటర్ యజమాని సంగతి జనం మర్చిపోతారు. బ్రాడ్‌వేలో థియేటర్లు 41 మాత్రమే, లోపలికి రావాలని బయట వరుస కట్టిన షోలు ఎప్పుడూ ఉంటాయి. అద్దె ఒప్పందాల్లో 'స్టాప్ క్లాజ్' అని ఒకటి ఉంటుంది. వసూలు ఒప్పుకున్న అంకె కంటే వరుసగా రెండు వారాలు తగ్గితే ఖాళీ చేయమనే హక్కు యజమానికి వస్తుంది. 'స్మాష్' ఆడిన ఇంపీరియల్‌లోకి ఆ శరదృతువులోనే 'చెస్' దిగింది. మీరు అనుకుంటున్న థియేటర్‌కి కొత్త షో పేరు వినిపించడం మొదలైతే, పాత షో టికెట్లు ఏ తేదీ వరకు అమ్ముతున్నారో వెంటనే చూడండి. సెప్టెంబరు మొదటి వారం లేబర్ డే దాటి తేదీలు తెరవకపోతే నేను నమ్మకం పెట్టుకోను.

మూతపడిన ప్రతిదీ ఓడిపోయిందని అనుకోకండి. హాలీవుడ్ నటుడు డెంజెల్ వాషింగ్టన్ ఆడిన 'ఒథెల్లో'కి ఒక్క నామినేషన్ కూడా రాలేదు, కానీ వారానికి 28 లక్షల డాలర్ల దాకా వసూలు చేసింది. ముందే చెప్పిన తేదీకి, 2025 జూన్ 8న, ముగిసింది. లింకన్ సెంటర్ థియేటర్ లాంటి లాభాపేక్ష లేని సంస్థల షోలూ అంతే, చందాదారుల కోసం తేదీలు ముందే కుదిరి ఉంటాయి. వీటిని లెక్కలోంచి తీసేస్తేనే మీ అంచనా సరిగ్గా వస్తుంది.

ఉత్తమ మ్యూజికల్ గెలిచినా ఎంతకాలం ఆడుతుందో చెప్పలేం. 'ఎ స్ట్రేంజ్ లూప్' 2022 జూన్‌లో గెలిచింది, 2023 జనవరి 15న ఆగిపోయింది. క్రిస్మస్ సెలవుల రద్దీ అయిపోయాక వచ్చే జనవరి రెండో కోత. 'బాంబే డ్రీమ్స్' పోయిందీ అప్పుడే. అదే 2022లో పది నామినేషన్లున్న 'పారడైజ్ స్క్వేర్'కి ఒక్కటే, ఉత్తమ నటి, వచ్చింది. జొవాకినా కలుకాంగో ఆ రాత్రి టీవీలో పాడిన తీరు చూసి ఆ షో నిలబడుతుందని ఆశపడ్డాను. జూలై 17న మూసేశారు.

ఇక మీ టికెట్ల విషయం. అసలు బాక్సాఫీస్ దగ్గరో, వాళ్ళ అధికారిక సైట్‌లోనో కొంటే షో రద్దయినప్పుడు డబ్బు వెనక్కి వస్తుంది, కాబట్టి తొందరపడి కొన్నా నష్టం లేదు. చేతులు మారిన టికెట్లు మాత్రం కొనకండి. మూడింట్లో మీకు ప్రాణంగా అనిపించేది ఒకటి ఉంటే అమ్మానాన్నల కోసం ఆగకుండా అవార్డులకి ముందే, మే నెలలో, మీరొక్కరే వెళ్ళి చూసి రండి. జూలైలో ఏది మిగిలితే అది వాళ్ళకి చూపించండి. అవార్డుల తర్వాతి రెండు వారాల వసూళ్ళు వచ్చాక మీ మూడు షోల పేర్లూ, వాటి సగటు టికెట్ ధరలూ ఇక్కడ పెట్టండి. కూర్చుని లెక్క చూసి చెప్తాను.