పాత ఇంట్లో ఫ్యూజులు తీసి ఎమ్‌సీబీలు పెట్టించాక ఊరికే ట్రిప్ అవుతున్నాయి, ఏం చేయాలి?

ఒడిశాలోని పర్లాకిమిడిలో తాతల నాటి పెంకుటింట్లో పింగాణీ ఫ్యూజులు తీయించి ఎమ్‌సీబీలు (కరెంటు మితిమీరితే వాటంతటవే ఆగిపోయే స్విచ్చులు), ఒక ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్చు) పెట్టించామని, అప్పటి నుంచి గీజరు వేస్తే ఎమ్‌సీబీ, వాన పడితే ఆర్‌సీసీబీ పడిపోతున్నాయని రాశారు. గీజరు లైనుకు 32 ఆంపియర్ల బ్రేకరు వేసి, ఆర్‌సీసీబీని తప్పించి కలిపేస్తే సరిపోతుందని మిస్త్రీ అన్నాడట. ఆ రెండింటిలో ఏదీ చేయించకండి. ఇదే ఊళ్లో ఇంచుమించు అదే వయసున్న మా ఇంటికి ఈ పని చేయించుకున్నాను కనుక కారణాలు కాస్త వివరంగానే చెబుతాను.

ఎమ్‌సీబీ ఉన్నది ముఖ్యంగా గోడలో పోయే తీగ వేడెక్కి కాలిపోకుండా చూడడానికి. కాబట్టి తీగ మందాన్ని బట్టి బ్రేకరును ఎంచుకోవాలే తప్ప, ట్రిప్ కాకుండా ఉండే సైజు వెతకకూడదు. 2 కిలోవాట్ల గీజరు 230 వోల్టుల దగ్గర 9 ఆంపియర్ల లోపే తీసుకుంటుంది. అది లైట్లు, ఫ్యాన్లు ఉన్న పాత లైను మీదే ఉంటే, ఆ లైనుకు పెట్టిన 6 ఆంపియర్ల ఎమ్‌సీబీ పడిపోవడం దాని పని అది చేసినట్టే. అక్కడ 32 ఆంపియర్లది పెడితే, దాని లక్షణం ప్రకారం 46 ఆంపియర్ల దాకా గంటసేపు వదిలిపెట్టే అవకాశం ఉంది. పాత ఇళ్లలోని సన్నని తీగ అంతసేపు అంత వేడిని తట్టుకోలేదు.

మరి ఇన్నాళ్లూ పాత ఫ్యూజు ఎందుకు పోలేదని మీకు అనిపించవచ్చు. 5 ఆంపియర్ల కిట్‌క్యాట్‌లో, అంటే ఆ పింగాణీ ఫ్యూజులో, దాదాపు 0.2 మిల్లీమీటర్ల కళాయి పూసిన రాగి తీగ ఉండాలి, అది కూడా రేటింగుకు దాదాపు రెట్టింపు కరెంటు పోతే గాని కరగదు. పైగా మన ఇళ్లలో ఫ్యూజు పోయిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఫ్లెక్సిబుల్ వైరులోంచి నాలుగు పోగులు పీకి మెలిపెట్టి బిగించేస్తారు. మా బోర్డులోనూ అలాగే ఉంది. కిట్‌క్యాట్ ఊడదీసి చూస్తే ఇత్తడి పట్టీలు నల్లబడి, స్ప్రింగు బిగువు పోయి, ఒక స్క్రూ చుట్టూ పింగాణీ నెర్రెలిచ్చి ఉంది. చెక్క కేసింగు మూత ఎత్తితే రబ్బరు తొడుగు మీది నూలు అల్లిక వేలు తగలగానే పొడిపొడిగా రాలిపోయింది. తర్వాతి కాలంలో ఎవరో వేసిన అల్యూమినియం తీగను రాగి తీగతో ఉత్తినే మెలేసి టేపు చుట్టారు. ఆ అతుకు దగ్గర ఆక్సైడు పేరుకుని లోడు పడ్డప్పుడల్లా వేడెక్కుతుంది, ఏ బ్రేకరూ దాన్ని పసిగట్టలేదు. బోర్డు దగ్గర కాలిన వాసన గాని, చేతికి తెలిసే వెచ్చదనం గాని ఉంటే అలాంటి అతుకులను ముందు వెతికించండి.

ఇక ఆర్‌సీసీబీ సంగతి. ఫేజులో (కరెంటు వచ్చే తీగలో) పోయిన కరెంటూ న్యూట్రల్‌లో (తిరుగు తీగలో) తిరిగొచ్చిన కరెంటూ సరిసమానంగా లేకపోతే అది పడిపోతుంది. ఇళ్లకు వాడేది 30 మిల్లీఆంపియర్లది. మా ఇంట్లో రెండు కారణాలు బయటపడ్డాయి. పెరటి స్నానాల గది లైను పెంకుల కిందుగా వెళ్లే చోట జంక్షన్ పెట్టెలో చిత్తడి చేరి కరెంటు లీకయ్యేది, అందుకే వానాకాలంలోనే గొడవ. రెండోది, వరండా దీపానికి న్యూట్రల్‌ను దగ్గరలో ఉందని పక్క గది లైను నుంచి లాగారు. పాత ఫ్యూజులతో దీనివల్ల ఏ ఇబ్బందీ కనిపించదు గాని, ఆ రెండు లైన్లలో ఏదో ఒక్కటి మాత్రమే ఆర్‌సీసీబీ కిందికి వస్తే దీపం వేసిన క్షణమే పడిపోతుంది. ఇన్వర్టరు న్యూట్రల్ మెయిన్ న్యూట్రల్‌తో కలిసిపోయినా ఇదే జరుగుతుంది. కనుక మిస్త్రీని ఊహ మీద వదలకండి. మెయిన్ ఆపి, సామాన్లన్నీ ప్లగ్గుల నుంచి తీసి, ఒక్కో లైనునూ 500 వోల్టుల మెగ్గరుతో (తీగ తొడుగు లోంచి కరెంటు లీకవుతుందేమో కొలిచే పరికరం) పరీక్షించమనండి. భూమికి, తీగకు మధ్య కనీసం ఒక మెగాఓమ్ రావాలి. మెగ్గరు లేదనే మిస్త్రీ ఈ పనికి తగడు.

మీ ఇంట్లో ఎర్తు లేని రెండు తీగల వైరింగే ఉందనుకుంటున్నాను, అప్పట్లో అన్నీ అంతే. గీజరు సాకెట్టులో పెద్ద పిన్ను వెనక ఎర్తు తీగ ఉందో లేదో తెరిచి చూపించమనండి. అది లేకపోతే గీజరు ఒంటికి కరెంటు వచ్చినా, మనిషి ముట్టుకున్న తర్వాత గాని ఆర్‌సీసీబీ పడదు.

పాత ఇనుప మెయిన్ స్విచ్ అలాగే ఉంచారేమో చూడండి. చాలావాటిలో న్యూట్రల్‌కు కూడా ఫ్యూజు ఉండేది. అది పోతే దీపాలారిపోతాయి, కరెంటు లేదనుకుని హోల్డరులో చెయ్యి పెడతాం, ఫేజు మాత్రం అక్కడే ఉంటుంది. 1956 నాటి విద్యుత్ నియమాలే న్యూట్రల్‌లో విడి ఫ్యూజును కూడదన్నాయి. ఇప్పుడు రెండు తీగలనూ ఒకేసారి తెంచే డబుల్ పోల్ స్విచ్ పెట్టాలి. మీటరుకు ముందున్న కటౌటు (మెయిన్ ఫ్యూజు), సీళ్లు మాత్రం పంపిణీ సంస్థవి. వాటిని మిస్త్రీ చేత విప్పించకుండా 1912కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించండి.

ఇల్లంతా ఒకేసారి మార్చే స్తోమత అందరికీ ఉండదు, మేమూ విడతలుగానే చేశాం. మీరు ముందుగా గీజరుకు బోర్డు నుంచి పీవీసీ పైపులో 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగతో, ఎర్తుతో సహా విడిగా ఒక లైను లాగించి 16 ఆంపియర్ల ఎమ్‌సీబీ పెట్టించండి. నీళ్ల మోటారు ఉంటే దానికి సీ రకం ఎమ్‌సీబీ అడగండి, మోటారు మొదలయ్యేటప్పుడు లాగే కరెంటుకు బీ రకం పడిపోతుంటుంది. దీపాల లైన్లకు 6 ఆంపియర్లవే ఉంచండి. తర్వాత పెరటి వైపు, ఆ తర్వాత మిగతా గదులు. సరిహద్దు అవతల ఆంధ్రలోని పాతపట్నం నుంచి వచ్చే మిస్త్రీలు చేతిపనిలో దిట్టలే గాని, లోడు పెంచమని దరఖాస్తు పెట్టే ఉద్దేశం ఉంటే ఒడిశా లైసెన్సు ఉన్న కాంట్రాక్టరును మొదటే మాట్లాడుకోండి. ఎవరు చేసినా, ఏ లైనుకు మెగ్గరు ఎంత చూపించిందో కాగితం మీద రాయించుకున్నాకే చివరి వాయిదా డబ్బు ఇవ్వండి.