వేసవిలో పగడాల తొట్టి: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఇంట్లో ఉప్పునీటి తొట్టిలో పగడాలు పెంచేవాళ్ల ఉత్తరాల్లో ఏప్రిల్ రాగానే ఎక్కువగా వినిపించే మాట ఒకటే: నీళ్లు వేడెక్కుతున్నాయి. ఉప్పు గురించి, ఆల్కలినిటీ (నీరు ఆమ్లాన్ని తట్టుకునే క్షార శక్తి) గురించి విడిగా అడిగినవాళ్లూ ఉన్నారు. కానీ ఆ ప్రశ్నల మూలం కూడా చాలావరకు తొట్టిలోంచి ఆవిరైపోయే నీళ్లలోనే ఉంది. అందుకే ఈసారి అన్నీ ఒకచోట ఇస్తున్నాం.

ప్రశ్న: హాల్లో 5 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు ఉన్న ట్యాంక్ పెట్టాను. కింద సంప్‌తో (పరికరాలు పెట్టుకునే అదనపు తొట్టి) కలిపి 600 లీటర్ల నీళ్లుంటాయి. పొద్దున 26.5 డిగ్రీలుండేది సాయంత్రం నాలుగింటికి 30కి చేరుతోంది. పావు హార్స్‌పవర్ చిల్లర్ (నీళ్లను చల్లబరిచే యంత్రం) తప్పదంటున్నారు షాపువాళ్లు. నిజమేనా? (మియాపూర్, హైదరాబాద్)

జవాబు: డబ్బు పెట్టేముందు ఒక వారం ఫ్యాన్‌తో చూడండి. హైదరాబాద్ ఎండాకాలంలో గాలి పొడిగా ఉంటుంది, మీకు ఫ్యాన్ సరిపోయే అవకాశం చాలా ఎక్కువ.

లెక్క ఇదీ. 600 లీటర్ల ఉప్పునీరు ఒక డిగ్రీ వేడెక్కాలంటే దాదాపు 0.68 యూనిట్ల కరెంటుకు సమానమైన వేడి కావాలి. ఒక లీటరు నీరు ఆవిరైతే తీసుకుపోయే వేడి కూడా ఇంచుమించు అంతే, 0.67 యూనిట్లు. అంటే మీ ట్యాంక్‌లో లీటరు ఆవిరైతే డిగ్రీ తగ్గినట్టే. పగలంతా మీకు పెరుగుతున్నది మూడున్నర డిగ్రీలు. నీళ్లు చల్లబడేకొద్దీ గది నుంచి ఇంకాస్త వేడి లాక్కుంటాయి కాబట్టి, ఇప్పుడు పోతున్నదానికి అదనంగా ఐదు లీటర్లు పగటిపూట ఆవిరైతే సరిపోతుంది. రెండు 120 మి.మీ. ఫ్యాన్లు ఈ పని చేస్తాయి.

ఫ్యాన్లు 12 వోల్టులవే తీసుకోండి. ఉప్పు తుంపర్లు పడేచోట 230 వోల్టుల ఫ్యాన్ పెట్టొద్దు. గాలి నీటి ఉపరితలాన్ని ఏటవాలుగా రాసుకుంటూ పోవాలి. నిట్టనిలువుగా కిందికి ఊదితే తడిగాలి అక్కడే సుడి తిరుగుతుంది. పైనున్న గాజు మూత తీసేసి సన్నటి జాలీ పెట్టండి, లేకపోతే వ్రాస్ చేపలు ఎగిరి నేల మీద పడతాయి. ఫ్యాన్‌ని ఎస్‌టీసీ-1000 లాంటి టెంపరేచర్ కంట్రోలర్‌కి కలిపి 26.5 దగ్గర ఆన్, 26 దగ్గర ఆఫ్ అయ్యేలా పెట్టండి. హీటర్ 25 దగ్గర ఆగిపోవాలి. ఈ రెండింటి మధ్య కనీసం ఒక డిగ్రీ ఖాళీ లేకపోతే ఒకటి వేడి చేస్తుంటే ఇంకొకటి చల్లబరుస్తూ కూర్చుంటాయి. సెన్సర్ వైరును సంప్‌లో క్లిప్పుతో గట్టిగా బిగించండి. నీటిమట్టం తగ్గి సెన్సర్ గాల్లో తేలిందంటే కంట్రోలర్ గది వేడిని చదువుతుంది. హీటర్ కూడా దానికే కలిపి ఉండి, డిసెంబర్ రాత్రి అలా జరిగితే హీటర్ ఆగకుండా కాలి, తెల్లారేసరికి పగడాలు ఉడికిపోతాయి. హీటర్ కూడా 400 వాట్లది ఒకటి కాకుండా 200 వాట్లవి రెండు పెట్టమనేది ఇందుకే. ఒకటి ఆన్‌లోనే ఇరుక్కుపోయినా ట్యాంక్ మొత్తాన్ని చంపేంత శక్తి దానికుండదు.

లోపలి నుంచి పుట్టే వేడినీ తగ్గించండి. నీళ్లలో మునిగి ఉండే పంపు తినే కరెంటంతా దాదాపు నీటికే వేడిగా చేరుతుంది. 80 వాట్ల పాత పంపు తీసి 40 వాట్ల డీసీ పంపు పెడితే రోజుకు 0.96 యూనిట్ల వేడి తగ్గుతుంది. లైట్ల టైమర్‌ని సాయంత్రం నాలుగు నుంచి అర్ధరాత్రి దాకా మార్చండి. పగడాలకు మన గడియారంతో పనిలేదు, రోజుకు ఎనిమిది గంటలు క్రమం తప్పకుండా వెలుగు పడితే చాలు.

ఇక ఫ్యాన్‌తో వచ్చే చిక్కు. రోజుకు 10 లీటర్లు ఆవిరవుతుంటే పోయేది నీరే, ఉప్పు తొట్టిలోనే ఉండిపోతుంది. ఒక్కరోజు నింపడం మరిచిపోతే సెలినిటీ (నీటిలో ఉప్పు ఎంతుందో చెప్పే కొలత, వెయ్యి భాగాల్లో ఎన్ని భాగాలో పీపీటీ చెబుతుంది) 35 నుంచి 35.6 పీపీటీకి చేరుతుంది, మూడు రోజులు ఊరెళ్తే 37కి దగ్గర పడుతుంది. ఆటో టాప్-ఆఫ్ (ఆవిరైనంత నీటిని దానంతటదే నింపే పరికరం) లేకుండా ఫ్యాన్ పెట్టొద్దు. అందులో పోసేది మంచినీరే, ఉప్పునీరు కాదు.

వారం తర్వాత కూడా సాయంత్రానికి 28 దాటుతోందంటే అప్పుడు చిల్లర్ కొనండి. దాన్ని ట్యాంక్ కింది కప్‌బోర్డులో మాత్రం పెట్టొద్దు. అది వదిలే వేడిగాలిని మళ్లీ అదే పీల్చుకుని, గంటలోనే చల్లబరచలేక ఆగకుండా తిరుగుతూ ఉంటుంది. నీడపడే బాల్కనీలో పెట్టి, పైపులకు ఫోమ్ తొడిగి, వెనక జాలీకి పట్టిన దుమ్ము నెలకోసారి బ్రష్‌తో దులపండి.

ప్రశ్న: ఫ్యాన్లు నాలుగు పెట్టినా 29.5 కిందికి దిగడం లేదు. అసలు మన సముద్రమే మే నెలలో 30 ఉంటుంది కదా, కంగారు పడాలా? (మధురవాడ, విశాఖపట్నం)

జవాబు: మీ ఊళ్లో ఫ్యాన్ పనిచేయదు. నీరు ఆవిరై ఎంతవరకు చల్లబడగలదో గాలి తేమ నిర్ణయిస్తుంది. 40 డిగ్రీల ఎండలో తేమ 20 శాతం ఉంటే ఆ హద్దు 23 డిగ్రీల దగ్గర ఉంటుంది. 34 డిగ్రీలు, 75 శాతం తేమ ఉండే విశాఖ మధ్యాహ్నం అది 30 డిగ్రీలు. అక్కడ ఇంకో పది ఫ్యాన్లు పెట్టినా లాభం లేదు. గదికి ఏసీ పెట్టండి, లేదా చిల్లర్ పెట్టండి.

సముద్రం మాట నిజమే. కానీ పగడాలు ఎక్కడుంటే అక్కడి మామూలు వేసవి గరిష్ఠానికి ఒక్క డిగ్రీ పైన కొన్ని వారాలు గడిపితే చాలు, వాటి కండలో ఉండే ఆల్గేని వదిలేసి తెల్లబడిపోతాయి. 1998లో, 2010లో, 2016లో లక్షద్వీప్‌లో జరిగింది అదే. సముద్రంలోనే అంత సన్నటి అంచు మీద బతికే జీవులకు ఇంటి తొట్టిలో ఇంకో ఇబ్బంది కూడా ఉంది. 25 డిగ్రీల ఉప్పునీటిలో లీటరుకు 6.7 మి.గ్రా. ఆక్సిజన్ కరిగితే 30 దగ్గర 6.2 మాత్రమే. రాత్రి కరెంటు పోయి పంపులు ఆగితే ఆ కాస్త తేడా చేపల ప్రాణం మీదికి వస్తుంది. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో ఉంచండి. ఇన్వర్టర్ ఉంటే దాని మీద వేవ్‌మేకర్ (తొట్టిలో నీటిని కదిలించే పంపు) నడపండి, చిల్లర్ వద్దు.

ప్రశ్న: 450 లీటర్ల ట్యాంక్. ఆల్కలినిటీ 6.4 డీకేహెచ్ (ఆల్కలినిటీని కొలిచే యూనిట్), లీటరుకు కాల్షియం 380 మి.గ్రా., మెగ్నీషియం 1150 మి.గ్రా. వంట సోడా వేస్తూనే ఉన్నాను, పెరగడం లేదు. పంపు మీద తెల్లటి గట్టి పొర పడుతోంది. సెలినిటీ రిఫ్రాక్టోమీటర్‌లో 33, 34 మధ్య చూపిస్తోంది. దాన్ని ఫిల్టర్ నీళ్లతో సున్నాకు సెట్ చేసుకున్నాను. (విజయవాడ)

జవాబు: సోడా వేయడం ఇవాళే ఆపండి. మీ మూడు అంకెలనూ సముద్రపు అంకెల పక్కన పెట్టి చూడండి. అక్కడ ఆల్కలినిటీ దాదాపు 7, కాల్షియం 415 దగ్గర, మెగ్నీషియం 1290. మూడూ మీ దగ్గర ఇంచుమించు పదో వంతు తక్కువ. పగడాలు తిని తగ్గితే ఇలా సమంగా తగ్గవు, ముందు ఆల్కలినిటీ పడిపోతుంది, మెగ్నీషియం మాత్రం పెద్దగా కదలదు. మూడూ కలిసి తగ్గాయంటే తక్కువైంది ఉప్పే.

మరి మీటరు 33 పైన ఎందుకు చూపిస్తోందంటారా? తక్కువ ధరకు దొరికే రిఫ్రాక్టోమీటర్లు చాలావరకు మామూలు ఉప్పు ద్రావణానికి గీసిన స్కేలుతో వస్తాయి, సముద్రపు నీటికి కాదు. మంచినీటితో సున్నాకు సెట్ చేస్తే 35 దగ్గరికి వచ్చేసరికి ఒకటిన్నర దాకా ఎక్కువ చూపిస్తాయి. 35 పీపీటీ క్యాలిబ్రేషన్ ద్రావణం ఒక సీసా కొని, రెండు చుక్కలు గాజు మీద వేసి, అర నిమిషం ఆగి, గీత 35 మీదికి వచ్చేదాకా స్క్రూ తిప్పండి. తర్వాత మీ నీళ్లు చూడండి, 32 దగ్గర కనిపిస్తుందని మా అంచనా.

పెంచడానికి తేలిక దారి ఉంది. మీకు రోజుకు 6 లీటర్లు ఆవిరవుతాయనుకుందాం. ఆ ఆరు లీటర్లూ వారం పాటు మంచినీటికి బదులు 35 పీపీటీ ఉప్పునీటితో నింపండి. రోజుకు అర పీపీటీ కంటే కాస్త తక్కువ పెరుగుతుంది, ఏడు రోజులకు మూడుకు పైగా. రోజుకు ఒకటి దాటి పెంచితే నత్తలు, రొయ్యలు తట్టుకోలేవు. ఈ వారం ఆటో టాప్-ఆఫ్ డబ్బాలో ఉప్పునీరు ఉందని డబ్బా మీద రాసి అంటించండి. ఎనిమిదో రోజు మళ్లీ మంచినీటికి మారడం మరిచిపోతే సెలినిటీ పెరుగుతూనే పోతుంది.

ఆ తర్వాత కూడా ఏదైనా తక్కువుంటే మోతాదులు ఇవి, ప్రతి 100 లీటర్లకు. ఆల్కలినిటీ ఒక డీకేహెచ్ పెరగడానికి వంట సోడా 3 గ్రాములు. కాల్షియం 10 మి.గ్రా. పెరగడానికి కాల్షియం క్లోరైడ్ డైహైడ్రేట్ 3.7 గ్రాములు. మెగ్నీషియం 10 మి.గ్రా. పెరగడానికి మెగ్నీషియం క్లోరైడ్ హెక్సాహైడ్రేట్ 8.4 గ్రాములు. ముందు మెగ్నీషియం సరిచేయండి. అది తక్కువుంటే మీరు వేసిన సోడా, నీటిలోని కాల్షియం కలిసి పంపు మీద సున్నపురాయిగా పేరుకుంటాయి. మీరు చూస్తున్న తెల్ల పొర అదే. సోడా, కాల్షియం ఒకేసారి ఒకేచోట పోయొద్దు. విడివిడిగా ఆర్వో నీటిలో కరిగించి, మధ్య అరగంట తేడాతో, నీరు బాగా పారేచోట సన్నగా వదలండి. ఆల్కలినిటీ రోజుకు ఒకటి మించి పెంచొద్దు. వంట సోడా అనబోయి బేకింగ్ పౌడర్ తెచ్చేవాళ్లున్నారు, అందులో ఆమ్ల లవణాలుంటాయి, ట్యాంక్‌లో వేయకూడదు. పంపుని సగం వెనిగర్, సగం నీళ్లలో ఒక గంట నానబెడితే ఆ పొర నురగలొచ్చి కరిగిపోతుంది.

ప్రశ్న: వంటింటి ఆర్వో నీళ్లే వాడుతున్నాను. చేపలు బాగున్నాయి, రొయ్యలు మాత్రం వారంలో చనిపోతున్నాయి. (హనుమకొండ)

జవాబు: మీ ప్యూరిఫైయర్ మీద కాపర్ అని రాసుందేమో చూడండి. తాగేవాళ్లకు మంచిదని కొన్ని మోడళ్లలో నీటికి రాగి కలుపుతారు. చేపలు తట్టుకునే రాగి మోతాదు రొయ్యలకు, నత్తలకు, పగడాలకు విషం. కాపర్ లేకపోయినా చాలా వంటింటి ఆర్వోల్లో టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మోతాదు) కంట్రోలర్ ఉంటుంది, అది రుచి కోసం మెంబ్రేన్ దాటని బోరు నీటిని కాస్త తిరిగి కలుపుతుంది.

అక్వేరియానికి విడిగా ఒక సెట్ పెట్టుకోండి: సెడిమెంట్, కార్బన్, మెంబ్రేన్, చివర్లో డీఐ రెజిన్ (మిగిలిన లవణాలను పీల్చే గుళికలు). బోరు నీరు 800 టీడీఎస్ ఉంటే మంచి మెంబ్రేన్ దాటాక 30 దగ్గరికి వస్తుంది, డీఐ దాటాక మీటరు సున్నా చూపించాలి. 2 కనిపించిన రోజు రెజిన్ మార్చేయండి. ఇప్పటికే చేరిన రాగికి సంప్‌లో రాగిని పీల్చే రెజిన్ సంచి పెట్టి, నెల పాటు వారానికి 15 శాతం చొప్పున నీళ్లు మార్చండి. ఆ తర్వాత ఒకే ఒక నత్తను వేసి రెండు వారాలు చూడండి, రొయ్యల సంగతి అప్పుడు.

ప్రశ్న: 800 లీటర్ల ట్యాంక్. చలికాలం కిటికీలన్నీ మూసే ఉంటాయి. పీహెచ్ 7.75 దాటదు. ఆల్కలినిటీ 8 ఉంది. బఫర్ (పీహెచ్ పెంచే పొడి) వేయాలా? సున్నపు తేట గురించి కూడా చెప్పండి. (ఫ్రిస్కో, టెక్సస్)

జవాబు: ఆల్కలినిటీ 8 ఉన్నప్పుడు బఫర్ అక్కర్లేదు. ఒక గ్లాసు ట్యాంక్ నీరు పెరట్లో పెట్టి ఎయిర్ స్టోన్‌తో గంటసేపు గాలి ఆడించి పీహెచ్ చూడండి. పెరిగితే తప్పు నీటిది కాదు, మీ ఇంట్లో పేరుకున్న కార్బన్ డయాక్సైడ్‌ది. స్కిమ్మర్ (గాలి బుడగలతో నీటి మురికిని తీసే పరికరం) గాలి గొట్టాన్ని కిటికీ సందులోంచి బయటికి పెట్టండి. అది కుదరకపోతే ఆ గొట్టానికి సోడా లైమ్ (కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చే గుళికలు) నింపిన డబ్బా తగిలించండి.

సున్నపు తేట మీకు రెండు విధాల ఉపయోగం. అది కార్బన్ డయాక్సైడ్‌ని తినేస్తుంది, కాల్షియం, ఆల్కలినిటీ రెండూ కలిపి ఇస్తుంది. అక్కడ పచ్చళ్ల కోసం అమ్మే పిక్లింగ్ లైమ్ వాడొచ్చు. లీటరు ఆర్వో నీటికి 2 గ్రాములు కలిపి, మూతపెట్టి రాత్రంతా వదిలేయండి. దాదాపు ఒకటిన్నర గ్రాములు కరుగుతుంది, మిగతాది అడుగున తెల్లగా పేరుకుంటుంది. దాన్ని కదపకుండా పైనున్న తేటే వాడాలి. రోజుకు ఆవిరయ్యే 6 లీటర్లకు బదులు ఇదే పోస్తే ఆల్కలినిటీ 0.86, కాల్షియం 6 మి.గ్రా. చేరతాయి. లైట్లు ఆరిపోయాక పీహెచ్ పడిపోతుంది కాబట్టి, రాత్రి పన్నెండు గంటల పాటు డోసింగ్ పంపుతో చుక్కలుగా వదలండి. (మన ఊళ్లలో పాన్ షాపు సున్నం వాడొచ్చా అని అడిగేవాళ్లకు: వద్దు. ఫుడ్ గ్రేడ్ కాల్షియం హైడ్రాక్సైడ్ అని అడిగి తీసుకోండి.)

ఈ తేట పీహెచ్ 12.4. ఫ్లోట్ స్విచ్ ఇరుక్కుపోయి డబ్బా మొత్తం ఒక్కసారి పడితే నీరు పాలలా తెల్లబడుతుంది. అందుకే డబ్బా పదిలీటర్లు దాటనివ్వొద్దు. ఒకవేళ అలా జరిగితే లీటరు ట్యాంక్ నీటికి ఒకటిన్నర మి.లీ. చొప్పున తీపి, ఉప్పు లేని సాదా సోడా నీళ్లు సంప్‌లో మెల్లగా పోయండి, పీహెచ్ 0.3 దాకా దిగుతుంది. మీటరు చూసుకుంటూ పోయాలి.

ఇంకొక్క సంగతి. ఆవిరి తగ్గితే తేట మోతాదు కూడా దానంతటదే తగ్గిపోతుంది. హైదరాబాద్‌లో జూన్ వానలు మొదలవగానే ఆల్కలినిటీ పడిపోయిందని రాసేవాళ్లకూ కారణం ఇదే. రుతువు మారినప్పుడు వారానికి రెండుసార్లు, ప్రతిసారీ ఒకే వేళకు పరీక్ష చేసి, తగ్గినంత వంట సోడాతో పూడ్చండి.

ప్రశ్న: ఒడ్డుకు కొట్టుకొచ్చే పగడపు రాళ్లు, సముద్రపు నీళ్లు తెచ్చి వాడొచ్చా? (భీమిలి)

జవాబు: రాళ్లు ముట్టుకోవద్దు. గట్టి పగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. చచ్చిన ముక్కకూ అదే చట్టం, శిక్ష కనీసం మూడేళ్ల జైలు. నీళ్ల విషయంలో చట్టం అడ్డం కాదు, ఉప్పు అడ్డం. వానాకాలం తర్వాత నదుల నీరు కలిసి బంగాళాఖాతం తీరంలో సెలినిటీ 30 కిందికి పడిపోతుంది. వేసవిలో తెచ్చుకున్నా ఒడ్డున కాకుండా పడవ మీద లోతుకు వెళ్లి తేవాలి. తెచ్చాక వడకట్టి, చీకట్లో రెండు వారాలు గాలి ఆడిస్తూ ఉంచి, సెలినిటీ, ఆల్కలినిటీ చూసి అప్పుడు పోయండి.