విశాఖ ఆర్‌కే బీచ్ ఇసుకలో పరుగెత్తితే హైస్కూల్ పిల్లలకు ట్రాక్ మీద వేగం పెరుగుతుందా?

నేరుగా పెరగదు, కాళ్ల బలం, దమ్ము పెరుగుతాయి గానీ వేగం గట్టి నేల మీద సాధనతోనే వస్తుంది. ఇసుకలో పాదం కూరుకుపోయి వెనక్కి జారుతుంది, తన్నిన బలం చాలావరకు ఇసుకను కదపడానికే పోతుంది. మెత్తటి ఇసుకలో పరుగుకు గట్టి నేల మీద పరుగుతో పోలిస్తే సుమారు 1.6 రెట్లు శక్తి ఖర్చవుతుంది. పైగా పాదం నేల మీద ఎక్కువసేపు ఉండిపోతుంది. స్ప్రింటర్‌కు కావలసింది సరిగ్గా దీనికి వ్యతిరేకం.

మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి 2023లో ఆసియా స్వర్ణం గెలిచిన 100 మీటర్ల హర్డిల్స్‌నే చూడండి: హర్డిల్‌కూ హర్డిల్‌కూ మధ్య 8.5 మీటర్లు, మూడే అడుగులు. ఆ లయ ఇసుకలో కుదరదు.

ఇసుక మెత్తన కాబట్టి దెబ్బలు తగలవనుకోవడం పొరపాటు. మోకాళ్లకు అదురు తగ్గినా పిక్కల మీద, మడమ వెనకుండే స్నాయువు (అకిలిస్ టెండన్) మీద భారం పెరుగుతుంది. పెరిగే వయసు పిల్లలతో కొద్దికొద్దిగానే మొదలుపెట్టించాలి.