కన్యాశుల్కం ఆడబోతున్న అబ్బాయికి

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

మీ కుర్రాళ్లంతా కలిసి గురజాడ అప్పారావు గారి కన్యాశుల్కం వేస్తున్నారని, అందులో మాటకారి మోసగాడు గిరీశం చేతికి సెల్‌ఫోన్ ఇచ్చి ఈ కాలానికి మారుస్తున్నారని మీ అమ్మ చెప్పింది. నాటకం వేయడం సంతోషమే. ఆ ఫోన్ సంగతే నాకు మింగుడు పడలేదు.

ముందు కత్తెర మాట చెబుతాను. ఏడంకాలూ ఆడితే ఈ రోజుల్లో హాల్లో వాచ్‌మన్ తప్ప ఎవరూ మిగలరు. కోసేయడానికి భయపడకు. 1892లో తొలిసారి ఆడి 1897లో అచ్చయిన నాటకాన్ని గురజాడ వారే 1909 నాటికి బాగా పెంచి తిరగరాశారు. వేశ్య మధురవాణి మనమెరిగిన మధురవాణి అయింది ఆ రెండో కూర్పులోనే. కాబట్టి వకీళ్ల మాటలు, బైరాగి చుట్టూ నడిచే కబుర్లు తగ్గించి రెండున్నర గంటల్లోకి తెచ్చుకో. కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం కట్టి ముసలి పెళ్లికొడుకు లుబ్ధావధాన్లుకు అంటగట్టే కథ జోలికి మాత్రం వెళ్లకు. ఒకడి అబద్ధం ఇంకొకడి ఆశ మీద నిలబడటమే ఈ నాటకంలో హాస్యం. ఆ పెళ్లి కాస్త సడలిందంటే చివరంకం ఎందుకొచ్చిందో ఎవరికీ అర్థం కాదు.

ఇప్పటి పిల్లలతో ఒక చిక్కుంది. వాళ్లకు కట్నం తెలుసు, పెళ్లికొడుకు పిల్ల తండ్రికి డబ్బిచ్చే కన్యాశుల్కం తెలియదు. డబ్బు ఎవరు ఎవరికిస్తున్నారో తెలియకుండానే సగం నాటకం అయిపోతుంది. అలాగని మైకు ముందు ఎవరినో నిలబెట్టి ఉపన్యాసం ఇప్పించకు. అగ్నిహోత్రావధాన్లు, ఆయన భార్య వెంకమ్మ పోట్లాడుకునే ఘట్టం ఉంది కదా, దాన్ని మొదటి అరగంటలోకి తీసుకురా. పెద్దకూతురు బుచ్చమ్మ విధవై ఇంట్లో ఉండగానే చిన్నదాన్ని లుబ్ధావధాన్లనే మరో ముసలాడికి అమ్మబోతున్నాడని అక్కడే తేలిపోతుంది. వెంకమ్మ నూతిలో పడే చోట నవ్వు రానీయకు. అక్కడ జనం బిగుసుకుంటేనే తర్వాత నవ్వే నవ్వుకు పదునుంటుంది.

ఇక గిరీశం ఇంగ్లీషు. అప్పట్లో నాలుగు ఇంగ్లీషు ముక్కలు వస్తే చాలు, ఊరంతా నోరెళ్లబెట్టేది. ఇప్పుడు అందరికీ వస్తాయి కాబట్టి ఆ డైలాగులు చప్పబడిపోతాయేమోనని నీ టెన్షన్. నవ్వు గిరీశం నోట్లో లేదురా, వినేవాళ్ల మొహాల్లో ఉంది. కొడుకు ఇంగ్లీషు వినాలని వెంకమ్మ ముచ్చటపడితే, గురువు గిరీశం, శిష్యుడైన ఆ కొడుకు వెంకటేశం ఇద్దరూ 'ట్వింకిల్ ట్వింకిల్ లిటిల్ స్టార్' లాంటివి వల్లిస్తారు. ఆ తల్లి మొహం మీదే లైటు వేయించు. చుట్టాలొచ్చినప్పుడు 'ఆంటీకి రైమ్ చెప్పమ్మా' అనే తల్లులు హాల్లో చాలామందే ఉంటారు. వాళ్లను వాళ్లే గుర్తుపట్టుకుంటారు. నువ్వు అక్కడ కాన్వెంటు స్కూలు జోకు కలిపావో, నవ్వు నీదవుతుంది, నాటకం పోతుంది. గిరీశం చేతిలో ఫోన్ వద్దన్నది కూడా ఇందుకే.

మంచం సీను రిహార్సల్స్‌కు మిగతా సీన్లకు ఇచ్చే టైముకు రెట్టింపు పెట్టుకో. మధురవాణి ఇంట్లో ఆమె విటులు రామప్పపంతులు, గిరీశం ఇద్దరూ ఒకే మంచం కింద, పైన గిరీశాన్ని కొట్టడానికి చీపురుతో వచ్చిన పూటకూళ్లమ్మ. మంచం కాస్త ఎత్తుగా చేయించి ముందువైపు దుప్పటి వేలాడకుండా చూడు. రెండు మొహాలూ చివరి వరుసకు కనపడాలి. దెబ్బ పడ్డాక రామప్పపంతులు వెంటనే అరవకూడదు. ఒక్క క్షణం ఆగి అరవాలి. ఆ క్షణం నిడివి నువ్వు చెప్పినా వాడికి పట్టుబడదు, చేసి చేసి రావాల్సిందే.

గిరీశాన్ని జోకరుగా ఆడించకు. వాడు అడిగితే మనమైనా అప్పిచ్చేలా ఉండాలి. 'డామిట్' అన్న ఆఖరి మాటను జనం వాడికంటే ముందే అనేస్తారు. నటుడు ఈలల కోసం ఆగకుండా, ఆ మాట అప్పుడే తోచినట్టు అనాలి. నౌకరు అసిరిగాడి చేత సినిమా కమెడియన్ యాస పలికించకండి, ఉత్తరాంధ్ర యాస అంటే వెక్కిరింత కాదు. మధురవాణికి అందగత్తె కంటే తెలివిగా వినగలిగే అమ్మాయిని చూసుకో. ఆ పాత్ర ఎదుటివాడి మాట వింటూనే వాడిని అంచనా వేసేస్తుంది.

కోసిన స్క్రిప్టు రిహార్సల్స్ మొదలవ్వకముందే నాకు పంపు. పెళ్లికూతురి వేషం కట్టే శిష్యుడి పాత్రకు కుర్రాణ్ణి కూడా ఇప్పుడే వెతుక్కో. గొంతు మారే వయసువాణ్ణి తీసుకుంటే ప్రదర్శన నాటికి గొంతు బొంగురుపోయి కూర్చుంటుంది. ఎందుకైనా మంచిది, ఇంకొకణ్ణి కూడా సిద్ధం చేసి పెట్టుకో.

పెదనాన్న