ఒక పేరాలో ఒకే ముచ్చట

నల్లగొండ

బిడ్డా,

గ్రూప్ వన్ మెయిన్స్ కోసం నువ్వు రాసి పంపిన ఫ్లోరైడ్ వ్యాసం రెండుసార్లు చదివాను. విషయం బాగా పట్టుకున్నావు. పేరాలే కుదరలేదు.

రెండో పేరా తీసి చూడు. బోరు నీళ్లతో మొదలుపెట్టావు, వెంటనే వంకర తిరిగిన కాళ్ల దగ్గరికి పోయావు, ఆపైన సాగర్ నీళ్లు, చివర్లో మళ్లీ బోరు. ఒక పని చెయ్యి. ప్రతి పేరా పక్కన, ఇది ఏం చెప్తోందో పెన్సిల్‌తో ఒక్క ముక్క రాయి. రెండు ముక్కలు రాయాల్సి వస్తే అది రెండు పేరాలు. నీ దాని పక్కన నేను మూడు రాశాను: కారణం, జబ్బు, పరిష్కారం.

కారణం ఒక్కటే తీసుకుంటే ఇట్లా రాయొచ్చు: "నల్లగొండ నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉండడానికి ఇక్కడి నేలే కారణం. ఈ ప్రాంతపు గ్రానైట్ రాళ్లలో ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలున్నాయి. భూగర్భ జలం ఆ రాళ్ల మధ్య నిలిచినకొద్దీ ఫ్లోరైడ్ అందులో కరుగుతుంది. అందుకే చెరువు నీళ్లకంటే బోరు నీళ్లతో ముప్పు ఎక్కువ." మొదటి వాక్యం మాట ఇచ్చింది, మిగతా మూడూ దాన్ని నిలబెట్టాయి. చివర్లో ఉన్న 'అందుకే'ని తీసేసి చదువు, చెరువు మాట ఎక్కడి నుంచో ఊడిపడ్డట్టు ఉంటుంది.

నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దన్న లెక్కను జబ్బు పేరాలోకి మార్చు. ఎంత దాటితే ప్రమాదమో అక్కడే అడుగుతారు.

నీళ్లలోని ఫ్లోరైడ్ తగ్గించే నల్లగొండ టెక్నిక్ గురించి రాసేటప్పుడు పని జరిగే వరస తప్పొద్దు. నువ్వు తేరిన నీళ్లతో మొదలుపెట్టి పటికకు వెనక్కి వచ్చావు. ముందు సున్నం, బ్లీచింగ్ పౌడర్, తర్వాత పటిక, కలపడం, మడ్డి అడుక్కి దిగేదాకా ఆగడం, పైన తేరిన నీళ్లు తీసుకోవడం. చేతులు ఎట్లా కదులుతాయో వాక్యాలూ అట్లాగే రావాలి.

ఇంత పట్టుబట్టి చెప్పడానికి కారణం ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా బడి కోసం ఒక ఆఫీసుకు అర్జీ రాశాను. కూలిన ప్రహరీ, టీచర్ల కొరత, బోరు నీళ్లు, అన్నీ ఒకే పేరాలో కుక్కాను. ప్రహరీకి డబ్బు మంజూరైంది, ఫైలు మూసేశారు. ఐదో వాక్యంలో ఉన్న నీళ్ల మాట ఎవరి కంటా పడలేదు. పిల్లలు ఇంకో ఏడాది ఆ నీళ్లే తాగారు. రెండోసారి నీళ్ల గురించి మాత్రమే, ఒకే పేరా రాసి పంపితే ట్యాంకర్ వచ్చింది.

పరీక్ష టెన్షన్‌లో ఇవన్నీ గుర్తుండవని భయపడకు. రోజుకు ఒక్క పేరా రాసి, పైకి చదువుకో. నాలుక తడబడ్డ చోట గీత పెట్టు. ఆదివారం వచ్చేటప్పుడు ఆ గీతలున్న కాగితాలే తీసుకురా, సాపు చేసినవి వద్దు.

మీ పెదనాయన