పాత కట్టుబాట్ల చదువు కూడు పెడుతుందా?

ప్రశ్న: మా పాప ఇంటర్ సీఈసీ రెండో సంవత్సరం. లా చదివి, తర్వాత కెనడా వెళ్లి అక్కడి ఆదివాసుల న్యాయపద్ధతులను ఇంగ్లిష్ చట్టంతో పోల్చి చదువుతానంటోంది. పాత కట్టుబాట్లు ఇప్పుడెవరికి కావాలి? ఆ చదువు కూడు పెడుతుందా?
- ఒక తండ్రి, పత్తికొండ

జవాబు: లా అనగానే కర్నూలులో నా ముందు కూర్చునే తండ్రులు చాలామంది కూడు గురించే మొదలుపెడతారు. పది నిమిషాలయ్యాక అసలు మాట బయటికొస్తుంది: "కోర్టుల చుట్టూ తిరిగే పిల్లకు సంబంధాలు వస్తాయా సార్?" మీ టెన్షన్ కూడా అదే అయితే పాప కెరీర్ మీద నెట్టకండి. లాయరమ్మలకూ పెళ్లిళ్లు అవుతున్నాయి.

పాత కట్టుబాట్లు ఎవరికి కావాలన్నారు. మీకే కావాలి! గట్టు తగాదా వస్తే మీరు ముందు పోయేది పెద్దమనుషుల దగ్గరికే కదా? రేపు ఇద్దరూ అదే బండిబాటన పొలానికి పోవాలి కాబట్టి వాళ్లు రాజీ వెతుకుతారు. కోర్టు కాగితం చూసి ఒకరిని గెలిపిస్తుంది. పంచాయితీయే గొప్పని నేననను, ఆడవాళ్లకూ దళితులకూ అక్కడ ఎంత న్యాయం దక్కిందో మీకూ తెలుసు. మీ ఊళ్లోనే 1827లో కలరాతో పోయిన మద్రాసు గవర్నర్ మన్రో దొర ఈ పంచాయితీలను గట్టిగా నమ్మినవాడు. 1816లో మద్రాసు ప్రభుత్వం గ్రామ పెద్దలకు చిన్న దావాలు వినే అధికారం ఇచ్చిందంటే అది ఆయన పట్టుదలే.

మన సీమలో మేనమామ పెళ్లిళ్లు ఎలా చెల్లుతున్నాయనుకున్నారు? 1955 హిందూ వివాహ చట్టం ఆ వరసను కూడదంటూనే, ఆచారం ఒప్పుకుంటే సరేనంది. ఎవరైనా కాదంటే ఆ ఆచారాన్ని కోర్టులో రుజువు చేయాలి. ఆ పని లాయరుదే.

నా అనుమానమల్లా కెనడా మీదే. విక్టోరియా యూనివర్సిటీ 2018లో అక్కడి ఆదివాసీ న్యాయాన్నీ కామన్ లానూ (అదే, పాప చెప్పే ఇంగ్లిష్ చట్టం) కలిపి డిగ్రీ పెట్టిన మాట నిజం. కానీ ఆ న్యాయం ఆ నేలది, ఆ భాషలది. అప్పు చేసి అది చదివొస్తే ఆదోని కోర్టులో ఏం వాదిస్తుంది? దానికోసం పొలం మాత్రం అమ్మకండి. ముందు ఇక్కడ ఐదేళ్ల లా, ఆపైన రెండేళ్లు ఒక సీనియర్ దగ్గర జూనియర్. ఆ రెండేళ్లూ ఖర్చులకు మీరే పంపాలి, అది ముందే అనుకోండి. పోల్చి చదవాలంటే ఒడిశాలో ఆదివాసుల కొండ నియమగిరి ఉంది. 2013లో సుప్రీంకోర్టు ఆ కొండ సంగతి గ్రామసభలనే తేల్చమంటే, 12 సభలూ గనులు వద్దన్నాయి.

ఈలోగా ఒకరోజు పాపతో దగ్గరి కోర్టుకెళ్లి, వెనక బెంచీలో ఒక పూట కూర్చోండి. ఫోన్ సైలెంట్‌లో పెట్టండి.