మౌనంగా నడిచే బ్యాచ్ ఫైలు గురించి ఒక యువ రచయితకు

చిరంజీవికి ఆశీస్సులు.

మీ అమ్మగారి లెక్కలను రోజూ ఫ్లాపీ మీదికి చేర్చడానికి నువ్వు రాసి పంపిన బ్యాచ్ ఫైలును, అంటే డాస్ కమాండ్లను వరసగా నడిపే ఫైలును, అచ్చు తీసుకుని రెండుసార్లు చదివాను. రెండుసార్లూ 11వ లైను దగ్గరే ఆగిపోయాను. ఫైళ్ళను కాపీ చేసే ఎక్స్‌కాపీ పని ముగియగానే "ఇఫ్ ఎర్రర్‌లెవెల్ 0 గోటూ ముగింపు" అని రాశావు. ఎర్రర్‌లెవెల్ అంటే పని ముగించిన ప్రోగ్రాం వదిలివెళ్ళే అంకె, 0 అయితే అంతా సవ్యమని అర్థం. కానీ ఆ షరతు ఎప్పుడూ నిజమే అవుతుంది. డాస్‌లో ఇఫ్ ఎర్రర్‌లెవెల్ "సరిగ్గా ఇంతేనా" అని అడగదు, "ఇంత గానీ, ఇంతకంటే ఎక్కువ గానీ ఉందా" అని అడుగుతుంది. ఫ్లాపీలో చోటు చాలక ఎక్స్‌కాపీ 4 ఇచ్చినా, రాస్తుండగా డిస్కు మొరాయించి 5 ఇచ్చినా, నీ ఫైలు నేరుగా ముగింపుకు దూకి, అంతా సవ్యంగా జరిగినట్టే ఊరుకుంటుంది. ఆ కింద నువ్వు శ్రద్ధగా రాసుకున్న హెచ్చరిక ఏనాడూ తెర మీదికి రాదు.

రిమ్ లైన్లు, అంటే చదివేవాళ్ళ కోసం రాసిన వ్యాఖ్యలు, పొందికగా ఉన్నాయి. వాటిలో ఒకటి మనసును పట్టుకుంది: "అక్షరాలు పరుగెత్తితే అమ్మ భయపడుతుంది, ఏమీ కనపడకూడదు." ఆ లైను లేకపోతే ఇంత పొడుగు ఉత్తరం రాసేవాణ్ణి కాను. మీ అమ్మగారు తన లెక్కలు రోజూ ఫ్లాపీ మీదికి చేరుతున్నాయని నమ్మి నిద్రపోతారు. హార్డ్ డిస్కు పోయిన రోజున ఆ ఫ్లాపీలో మూడు నెలల కిందటి ఫైళ్ళు తప్ప మరేమీ లేకపోతే, అప్పుడు కలిగే భయం ముందు తెర మీద కదిలే నాలుగు అక్షరాలు ఏపాటివి? పని జరిగినప్పుడు బ్యాచ్ ఫైలు నోరు మూసుకోవాలి, జరగనప్పుడు తప్పనిసరిగా నోరు తెరవాలి. ఈ రెండో సగం రాయనివాడికి మొదటి సగం రాసే అర్హత లేదని నేను ఎన్నో ఏళ్ళుగా వాదిస్తున్నాను, ఇప్పుడూ అదే అంటున్నాను.

ఎర్రర్‌లెవెల్ ఒక్కటీ దిద్దుకున్నా నీ ఫైలు బాగుపడదు, ఎందుకంటే దాని మొదటి లైనే సీటీటీవై నల్. 1983లో డాస్ 2.0తో వచ్చిన ఆ కమాండు, తెరనూ కీబోర్డునూ పక్కన పెట్టి, సీరియల్ పోర్టుకు తగిలించిన టెర్మినల్ నుంచి యంత్రాన్ని నడపడానికి పుట్టింది. దానికి నల్ అనే ఉత్తుత్తి పరికరాన్ని అందిస్తే తెరకు వెళ్ళాల్సిన ప్రతి అక్షరమూ శూన్యంలో కలుస్తుంది, కీబోర్డు మీద ఏం నొక్కినా డాస్‌కు చేరదు. తెరనూ కీబోర్డునూ తిరిగి ఇచ్చే సీటీటీవై కాన్ నీ ఫైలులో చిట్టచివర ఉంది కాబట్టి, నీ హెచ్చరిక కూడా ఆ శూన్యంలోకే పోతుంది.

నేనూ ఈ తప్పు చేశాను. ఒక కార్యాలయానికి రాత్రిపూట బ్యాకప్ తీసే ఫైలు రాసి, పైన సీటీటీవై నల్, కింద సీటీటీవై కాన్ పెట్టి, మధ్యలో మరో బ్యాచ్ ఫైలును దాని పేరుతో పిలిచాను. ముందు కాల్ అనే మాట పెట్టలేదు. కాల్ లేకుండా పిలిస్తే డాస్ ఆ రెండో ఫైలులోకి వెళ్ళిపోతుంది, మొదటిదానికి తిరిగి రాదు. పొద్దున గుమాస్తా వచ్చేసరికి తెర మీద ఒక్క అక్షరం లేదు, ఏ మీట నొక్కినా చలనం లేదు. యంత్రం పాడైందనుకుని మరమ్మతుకు పంపారు, రెండు రోజులు పని ఆగింది. పాడైంది యంత్రం కాదని, నా ఫైలేనని ఒప్పుకోవడానికి నాకు వారం పట్టింది. ఆ వారం గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మౌనాన్ని ఏ కమాండుకు ఆ కమాండు దగ్గరే సంపాదించాలి. 1987లో డాస్ 3.3 రాకముందు, కమాండ్లు తెర మీద పడకుండా ఆపే ఎకో ఆఫ్ అనే లైను కూడా తెర మీద పడేది, వెంటనే సీఎల్ఎస్‌తో తుడిచేవాళ్ళం. ఇప్పుడు దాని ముందు @ గుర్తు పెడితే చాలు. కాపీ చేశాక వచ్చే "ఒక ఫైలు కాపీ అయింది" అన్న మాటను > నల్ మింగేస్తుంది. అయితే ఆ గుర్తు మామూలు అవుట్‌పుట్‌ను మాత్రమే మళ్ళిస్తుంది, ఎర్రర్ అవుట్‌పుట్ తెర మీదే మిగులుతుంది. విండోస్ ఎన్‌టీలోలా 2> అని రాసి దాన్నీ మళ్ళించే వీలు, డాస్ కమాండ్లను నడిపే కమాండ్.కామ్‌లో లేదు. చాలామంది ఇక్కడే విసిగి సీటీటీవై వైపు పరుగెత్తుతారు. నాకు మాత్రం అదొక మేలుగానే కనిపిస్తుంది. చెరిపేందుకు పాత ఫైళ్ళు లేవన్న ఫిర్యాదు కనపడకూడదనుకుంటే, ముందే ఇఫ్ ఎగ్జిస్ట్‌తో చూసుకుని ఆ తర్వాత డెల్ రాయి.

నీ ఎక్స్‌కాపీ లైనులో ఇంకో గుంట ఉంది. ఫ్లాపీలో గమ్యం డైరెక్టరీ లేకపోతే, ఆ పేరు ఫైలుదా డైరెక్టరీదా అని ఎక్స్‌కాపీ అడుగుతుంది. > నల్ పెట్టినా చాలు, ఆ ప్రశ్న కనపడదు, జవాబు కోసం ఎదురుచూపు మాత్రం ఉంటుంది. ఆ డైరెక్టరీ పేరు చివర \నల్ చేర్చి ఇఫ్ నాట్ ఎగ్జిస్ట్‌తో పరీక్షించి, లేకపోతే ఎండీతో ముందే తయారు చెయ్యి. ఉన్న ప్రతి డైరెక్టరీలోనూ నల్ ఉన్నట్టే డాస్ జవాబిస్తుంది.

పరీక్షల లైన్లు ఎందుకు పట్టుబట్టి రాయమంటున్నానంటే, వాటిని కోసేసే చేతులు చాలా ఉన్నాయి. ఒక పత్రికకు నేను పంపిన బ్యాకప్ ఫైలులోంచి సంపాదకుడు ఎర్రర్‌లెవెల్ లైన్లన్నీ తీసేసి, "పాఠకుడికి విసుగు" అని ఒక్క ముక్క రాసి, మిగిలింది నా పేరుతో అచ్చు వేశాడు. అదే సంచికలో, తెరకు రంగులు అద్దే ఆన్సీ.సిస్‌తో రంగురంగుల మెనూ గీసే ఫైలుకు రెండు పేజీలు ఇచ్చాడు. నా ఫైలు వాడి బ్యాకప్ ఉందనుకుని మోసపోయిన పాఠకుల ఉత్తరాలు నాకే వచ్చాయి. అందుకే మెనూకు ఏ రంగు బాగుంటుందన్న నీ ప్రశ్న నేను చదవనే లేదనుకో.

సీటీటీవై లైన్లు రెండూ కొట్టెయ్యి. 11వ లైనులో "ఇఫ్ ఎర్రర్‌లెవెల్ 1 గోటూ తప్పు" అని, దాని కింది లైనులో "గోటూ ముగింపు" అని రాయి. తప్పు అనే లేబుల్ కింద, మాటను తెర మీద చూపే ఎకో తర్వాత అమ్మగారికి అర్థమయ్యే ఒక్క వాక్యం, దాని చివర గంట మోగేలా కంట్రోల్ జీ అక్షరం, ఆపైన మీట నొక్కేదాకా ఆపి ఉంచే పాజ్ పెట్టు. దిద్దిన ఫైలును రైట్ ప్రొటెక్ట్ మీట వేసిన ఫ్లాపీతో ఒకసారి, దాదాపు నిండిన ఫ్లాపీతో ఒకసారి, అసలు ఫ్లాపీయే లేకుండా ఒకసారి నడిపించు. మూడుసార్లూ తెర మీద ఏం కనిపించిందో ఉన్నదున్నట్టు కాగితం మీద రాసి, దిద్దిన ఫైలుతోపాటు నాకు పంపు.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి